చింతపిక్కల లెక్క

నమస్కారమండీ. మొన్న ఎండాకాలం సెలవులకి మా అక్క మనవడు గుంటూరు నుంచి బెజవాడ మా ఇంటికొచ్చాడు. ఏడో తరగతి. హోంవర్కు సంచీ కూడా మోసుకొచ్చాడు లెండి. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫోన్లో ఛార్జింగూ అయిపోయింది, ఇక గతిలేక నాతో అష్టాచెమ్మాకి కూర్చున్నాడు.

గవ్వలు ఎక్కడ పెట్టానో కనపడలేదు. నాలుగు చింతపిక్కలు తీసుకుని మెట్టు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీశాం. అరగదీసిన పిక్క కాలుతుంది కదా, చేతికి ఒక్కటి అంటిస్తే వాడు ఎగిరి గంతేశాడు. చిన్నప్పుడు మా అక్క నాకు అలాగే అంటించేది, ఆ బాకీ తీరింది.

నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. వాడికి కావాల్సింది అష్టా. అది ఎంతకీ పడదు, రెండు మాత్రం ఊరికే పడుతోంది. "చిన్నమ్మమ్మా, ఈ పిక్కల్లో ఏదో మోసం ఉంది" అన్నాడు. సరే, ఎన్ని రకాలుగా పడొచ్చో రాసి చూడమన్నాను. నోట్సు వెనక పేజీలో ఒక్కో పిక్కకీ తెలుపు, నలుపు అని పెట్టుకుంటూ, రెండుసార్లు కొట్టేసి, చివరికి మొత్తం 16 అని తేల్చాడు. అందులో రెండు పడే దారులు 6, ఒకటికి 4, మూడుకి 4, చెమ్మాకి ఒకటే, అష్టాకి ఒకటే. పేజీ వంక చూస్తూ ఉండిపోయాడు. ఇంటర్‌లో సంభావ్యత అని పిల్లలు టెన్షన్ పడిపోయే పాఠం ఉంటుంది చూడండీ, దాని మొదలు ఇదే, ఆ మాట మాత్రం నేను వాడికి చెప్పలేదు. మర్నాడు తనే వచ్చి, పిక్కలన్నీ ఒకేలా అరగలేదు కాబట్టి లెక్క అచ్చం అలాగే రాదని చెప్పాడు.

వాడి బడిలో ఆటల పిరియడ్ లెక్కల సారుకి పోతుందట, డ్రాయింగ్ టైంటేబుల్లో మాత్రమే ఉందట. 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ పిల్లలు చేతులతో చేసి, వెతికి కనిపెట్టి నేర్చుకోవాలనే చెబుతుంది, కానీ అపార్టుమెంటులో నడిచే బడికి దాన్ని ఎవరు చదివి వినిపిస్తారు?

ఆ వారమే కొండపల్లి తీసుకెళ్లాను. అక్కడ తెల్లపొణికి కర్రతో బొమ్మల చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కంటే చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద. "మన పిక్కలేనా!" అని అక్కడే కూలబడిపోయాడు. ఇంటికొచ్చి తనూ కలిపాడు, నీళ్లెక్కువై ఏనుగు తొండం రెండుసార్లు ఊడింది, మూడోసారి కొంచెం వంకరగా నిలబడింది. ఆ ఏనుగు మా టీవీ పక్కనే ఉంది.

వెళ్లేటప్పుడు పిక్కలు జేబులో వేసుకుపోయాడు. బడి తెరిచిన వారానికి ఫోన్, సారు లాక్కున్నారట, ఇంకో నాలుగు పంపమన్నాడు. చింతపండు పిసికినప్పుడల్లా తీసి పక్కన పెడుతున్నాను. అరగదీసుకునే పని మాత్రం వాడిదే.