పార్కింగ్ రూలే బెజవాడ రోడ్డుని పార్కింగ్ చేసింది!

బెజవాడ రోడ్ల మీద బండ్లు పేరుకుపోవడానికి కారణం పార్కింగ్ కట్టకపోవడం కాదండీ. పార్కింగ్ కట్టి తీరాలన్న రూలు! సరిగ్గానే విన్నారు. ఆ రూలు ఎత్తేయాలి.

సెల్లార్లలో కొట్లు, ల్యాబులు పెట్టేశారు, ఖాళీ చేయించండి, సీలు వేయండి అని ఊరంతా గోల. ఆ కోపం న్యాయమే. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించి మందుల షాపు పెడితే అది తప్పే. కానీ సూర్యారావుపేటలో అదే, గవర్నర్‌పేటలో అదే, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లోనూ అదే మాట వినిపిస్తుంటే, అందరూ దొంగలేనా? లేక రూల్లోనే ఏదైనా తేడా ఉందా?

రూలు మీకు తెలిసిందే, 2017 మార్చిలో వచ్చిన రాష్ట్ర బిల్డింగ్ రూల్స్, జీవో 119. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కి వదలాలి. ఆ శాతం బిల్డింగు దేనికి వాడతారన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ కొట్టుకి వచ్చేవాళ్లు నడిచొస్తారా, ఆటో దిగొస్తారా అన్నది మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఒక సెల్లార్ లోపలికి దిగుదాం. ఇక్కడే అసలు కథ ఉంది.

ర్యాంపు వాలు ఒకటికి ఎనిమిది ఉండాలి. అంటే ఎనిమిదడుగులు ముందుకి పోతే ఒక్క అడుగు దిగాలి. సెల్లార్ లోతు 10 అడుగులైతే ర్యాంపు పొడవు 80 అడుగులు. వెడల్పు 12 అడుగులు వేసుకోండి, 960 చదరపు అడుగులు ర్యాంపుకే పోయింది. మన దేశంలో ప్లానర్లు వాడే కొలత ప్రకారం, తిప్పుకునే దారితో కలిపి ఒక కారుకి ఆరుబయట 23 చదరపు మీటర్లు కావాలి, స్టిల్ట్‌లో (పిల్లర్ల మీద బిల్డింగు లేపి కింద ఖాళీగా వదిలే అంతస్తులో) 28, సెల్లార్‌లో 32. సెల్లార్ లెక్కన సుమారు 344 చదరపు అడుగులు. అంటే కార్లు కిందికి దిగడానికే దాదాపు మూడు కార్ల చోటు మింగేశాం!

మరి 60 అడుగుల లోతున్న స్థలంలో 80 అడుగుల ర్యాంపు ఎలా పడుతుంది? పట్టదు. అందుకే 40 అడుగులకి కుదించేస్తారు. వాలు ఒకటికి నాలుగు అయిపోతుంది. కారు దిగేటప్పుడు రోడ్డు అంచు దగ్గర పొట్ట గీసుకుంటుంది. ఎక్కేటప్పుడు బానెట్ తప్ప రోడ్డు కనపడదు. వానాకాలం టైరు జారుతుంది. ర్యాంపు నోటి దగ్గర అడ్డంగా జాలీ డ్రెయిన్, దాని ముందు చిన్న మిట్ట లేకపోతే రోడ్డు నీళ్లన్నీ సెల్లార్‌లోకే. ఇక సంపు మోటారు ఒక్కసారి కాలిందంటే వారం తిరిగేసరికి దోమలు. అప్పుడు ఓనరు ఏం చేస్తాడు? ఎవరూ దిగని చోటు ఖాళీగా ఎందుకుండాలని టైల్స్ వేయించి, షట్టరు పెట్టి అద్దెకిస్తాడు. మీరు కోప్పడే ఆ కొట్టు అలా పుట్టిందండీ!

అది దొరికిపోయిందనుకోండి, బీపీఎస్ అనే ప్రభుత్వ స్కీము కింద డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేయించుకుందామన్నా కుదరదు. ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపించిన చోటు ఆ స్కీములోకి రాదు. పక్కవాడు సెట్‌బ్యాక్‌లోకి (బిల్డింగు చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటులోకి) కట్టిన గది సర్దుబాటు అవుతుంది, ఇది కాదు. ఇక ప్రతి తనిఖీ ఒక బేరమే.

స్టిల్ట్ అయినా అంతే. పైన బెడ్‌రూముల కోసం 11 అడుగులకో పిల్లరు వేస్తారు. కారు గడి వెడల్పు రెండున్నర మీటర్లు, ఎనిమిదడుగుల పైచిలుకు. పిల్లరు మందం పోను మిగిలేది రెండడుగులు. అందులో బైకు హ్యాండిల్ కూడా పట్టదు. ఆ చోటుకి అయ్యే ఖర్చు మాత్రం ఫ్లాటు ధరలో కలిపి, కారు లేనివాడి దగ్గర కూడా వసూలు చేస్తారు. స్కూటీ మీద తిరిగే కుటుంబం పక్కింటి కారుకి గది కట్టిస్తోంది.

ఒక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగాయి. స్టిల్ట్ మీద కట్టిన ఇళ్లలో మనుషులు పైన ఉన్నారు, నీళ్లు కింద నిలిచాయి. ఆ ప్రాంతంలో స్టిల్ట్ మంచిదే, నేను ఒప్పుకుంటాను. కానీ అది వరద కోసం కట్టాలి, వరద రూలుగా రాయాలి. పార్కింగ్ శాతం పేరుతో కాదు. పైగా అదే శాతం కోసం కాలవల పక్కన సెల్లార్ తవ్వించడం ఏం తెలివి?

వన్‌టౌన్ సంగతి ఇంకా ఘోరం. 15 అడుగుల ముఖం ఉన్న పాత కొట్టు పడగొట్టి కట్టాలంటే, 12 అడుగులు బండ్ల దారికే పోతే కొట్టు ఎక్కడ పెట్టాలి? అందుకే ఎవరూ పడగొట్టరు. పగిలిన స్లాబుకి అతుకులేసి నెట్టుకొస్తారు. వన్‌టౌన్ బాగుపడకపోవడానికి సగం కారణం ఈ రూలేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

"మరి బండ్లు ఎక్కడ పెట్టాలి?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రూలు తీసేయడమంటే పార్కింగ్ నిషేధించడం కాదు! కావాల్సినవాడు కట్టుకుంటాడు, కార్లలో వచ్చే గిరాకీ ఉన్న మాల్ ఎలాగూ కడుతుంది. లండన్ 2004లోనే కనీస పార్కింగ్ తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టింది. అమెరికాలో బఫెలో 2017లో, ఆస్టిన్ 2023లో తీసేశాయి. జపాన్ అయితే 1962 నుంచీ భారం కారు కొనేవాడి మీద పెట్టింది. ఇంటికి రెండు కిలోమీటర్లలోపు చోటు చూపించి పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మనం కొట్టువాడి మెడకి కట్టాం.

రోడ్డు మీద చోటు ఊరికే ఇస్తున్నంత కాలం ఎవడూ సెల్లార్‌కి దిగడు. పది నిమిషాల పనికి ర్యాంపు దిగి ఎక్కే ఓపిక ఎవరికుంది? మన 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది, పార్కింగ్ ఫీజు ఆ నేల విలువకి తగ్గట్టు ఉండాలని. ఎంత పెట్టాలంటే, ఎప్పుడు చూసినా వరసలో ఒకటి రెండు చోట్లు ఖాళీగా కనిపించేంత. ఈ కొలత చెప్పినాయన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్, 2025లో పోయారు. వసూలైన డబ్బు ఆ వీధి ఫుట్‌పాత్‌కే పెట్టాలి. ఇంకో లెక్క చూడండి. 100 మీటర్ల అంచున కార్లు వరసగా పెడితే 16 పడతాయి. బైకులు అడ్డంగా మీటరుకొకటి పెడితే 100! బీసెంట్ రోడ్డుకి వచ్చేవాళ్లలో ఎక్కువ ఏవో మీరే చెప్పండి.

ఇప్పుడు పని. ముందు మీ వీధి బిల్డింగుల గురించి కార్పొరేషన్‌కి ఆర్టీఐ పెట్టండి, ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. డ్రాయింగులు అడిగితే మూడో వ్యక్తి సమాచారమని తిప్పికొట్టే వీలుంది. అందుకని ప్లాన్‌లోని ఏరియా స్టేట్‌మెంట్ (విస్తీర్ణాల పట్టిక) మాత్రమే అడగండి. అందులో మొత్తం విస్తీర్ణం, పార్కింగ్ విస్తీర్ణం రెండూ ఉంటాయి. తరవాత మీ వీధిలో ఉదయం పదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఏడుకి రోడ్డు మీదున్న బండ్ల నంబర్లలో చివరి నాలుగంకెలు రాసుకోండి. మూడుసార్లూ అదే నంబరు కనిపిస్తే అది గిరాకీ కాదు, ఆ వీధిలో పనిచేసేవాళ్లదో ఓనర్లదో. ఆ లెక్క లేకుండా ఎవరి దగ్గరికీ వెళ్లకండి.

రూలు మార్చేది రాష్ట్ర మున్సిపల్ శాఖ, కార్పొరేషన్ కాదు. కాబట్టి సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) ఇచ్చే అర్జీలో "ట్రాఫిక్ సమస్య" అని రాయొద్దు, అది పోలీసులకి వెళ్లిపోతుంది. ఇలా రాయండి: వన్‌టౌన్, గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు ప్రాంతాల్లో తప్పనిసరి పార్కింగ్ శాతాన్ని సున్నా చేస్తూ జీవో 119 సవరణకి కార్పొరేషన్ ప్రతిపాదన పంపాలి. సెట్‌బ్యాకులు, ఫైరింజను దారి, వికలాంగుల పార్కింగ్, సరుకు దించే చోటు ఇవేవీ తగ్గించొద్దు. ఈ చివరి వాక్యం కచ్చితంగా ఉండాలి, అది లేకపోతే మొదటి అభ్యంతరం ఫైర్ వాళ్ల నుంచే వస్తుంది. అర్జీకి మీ నంబర్ల లెక్క, ఏరియా స్టేట్‌మెంట్ కాపీ జతచేసి, రసీదు నంబరు అడిగి తీసుకోండి.