వైరల్ ఇన్ఫెక్షన్ ఉన్నవారికి వాసన పరీక్ష చేయడం ఎలా?

నమస్కారం. "వాసన తెలుస్తోందాండీ?" అని అడగడం, పేషెంటు తలూపగానే కేస్ షీట్‌లో "మామూలుగానే ఉంది" అని రాసేయడం... దయచేసి అలా వదిలేయకండి. వాసన కొంత తగ్గిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. 2020లో ఇరాన్‌లో 60 మంది కోవిడ్ పేషెంట్లకు 40 వాసనలతో పరీక్ష చేస్తే, 59 మందిలో ఎంతో కొంత లోపం బయటపడింది.

ముందు ముక్కు మూసుకుపోయిందేమో చూడండి. జలుబుతో దిబ్బడ వేస్తే వాసన పైదాకా చేరదు, ఆ సంగతి రాసుకోండి. కోవిడ్‌లో మాత్రం ముక్కు శుభ్రంగా ఉన్నా వాసన పోవచ్చు.

ఇప్పుడు చేసి చూపిస్తాను. మాస్క్ పెట్టుకున్నాను. పేషెంటును కళ్లు మూసుకుని, ఒక ముక్కు రంధ్రం వేలితో నొక్కి పట్టుకోమనండి. కాఫీ పొడి సీసా మూత తీసి రెండో రంధ్రం దగ్గర, ఇదిగో, రెండు సెంటీమీటర్ల దూరంలో మూడు సెకన్లు ఉంచండి. ముక్కుకు తగలనివ్వకండి. మొదట "ఏదైనా వాసన వస్తోందా?" అని అడగండి. ఆ తర్వాతే "ఏమిటది?" అనండి. పేరు నోటికి రాక తడబడతారు, అది లోపం కాదు. నాలుగు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమనండి, తెలియకపోతే ఊహించైనా చెప్పమనండి. అర నిమిషం ఆగి ఇంకో వాసన. మధ్యలో ఒకసారి ఖాళీ సీసా పెట్టండి. దానికీ "వస్తోంది" అంటే ఆ జవాబులను నమ్మలేం.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఇది: అమ్మోనియా, కర్పూరం, మెంథాల్ వాడొద్దు. వాటి ఘాటు, మంట, చల్లదనం మెదడుకు చేరేది ఐదో కపాల నరం ద్వారా. వాసనను మోసేది మొదటి నరం. వాసన పూర్తిగా పోయినవారు కూడా అమ్మోనియా పెట్టగానే తల వెనక్కి లాక్కుంటారు, మనమేమో ముక్కు బాగానే పనిచేస్తోందని పొరబడతాం. కాఫీ, వెనిలా, గులాబీ లాంటివి తీసుకోండి.

ఒకరికి వాడిన సీసా ఇంకొకరికి పెట్టొద్దు. గీరి వాసన చూసే కార్డులు దొరికితే మరీ మంచిది, పేషెంటే చేసుకుంటారు, మనం దూరంగా ఉండొచ్చు.

వాసన పోయిందని తేలితే ఆ రోజే వారికి చెప్పండి: గ్యాస్ లీకైనా, ఏదైనా మాడినా, తిండి పాడైనా మీకు తెలియకపోవచ్చు, ఇంట్లో ఇంకొకరిని కనిపెట్టుకుని ఉండమనండి అని. నెల తర్వాత మళ్లీ రమ్మని, ఇదే పద్ధతిలో పరీక్ష చేయండి.