ములికి బరువు పెంచితే కాడ సంగతేంటి?

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే ఇంత ఎండలో అటు విజయవాడ నుంచీ ఇటు గుంటూరు నుంచీ వచ్చారు, చాలా సంతోషం. మన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు గోల్డ్ కొట్టాక మన పిల్లలకి విల్లు మీద మోజు ఇంకా పెరిగింది, కానీ ఆ అమ్మాయిది కాంపౌండ్ విల్లు, అంటే కప్పీలున్న విల్లు, ఆ బాణాల లెక్క వేరు. నేను మాట్లాడేది కర్ర బాణం గురించి, అందులోనూ దాని ములికి, అంటే ముందుండే మొన, దాని బరువు గురించి.

ఒక మాట ముందే చెప్పాలి. బాణం ముందు భాగంలో బరువు పెంచడం అనేది వేటగాళ్లు బాగా వాడే పద్ధతి, అమెరికాలో ఇప్పటికీ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల్ని వేటాడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అడవి జంతువు మీద బాణం ఎక్కుపెడితే జైలే, అలాగే ఉండాలి కూడా. మన బాణం గడ్డి టార్గెట్‌కే. అయినా ఆ లెక్క మనకీ పనికొస్తుంది, ఎందుకంటే ముందు బరువున్న బాణం తొందరగా తిన్నగా అవుతుంది, గాలికి అంతగా తోక ఊపదు, తగిలిన చోట లోతుగా దిగుతుంది.

నేను చేసిన పొరపాటు చెప్తా. 28 అంగుళాల సెడార్ కర్ర కాడలకి, కాడ అంటే బాణం పొడుగు పుల్ల, 125 గ్రెయిన్ల ములుకులు ఉండేవి, అవి పీకేసి 190వి పెట్టేశా. గ్రెయిన్ అంటే చాలా చిన్న కొలత, పదిహేను పైచిలుకు కలిస్తే గాని ఒక గ్రాము కాదు, బంగారం షాపులో వాడే చిన్న కాటా ఉంటే సరిపోద్ది. అంటే నేను పెంచింది నాలుగు గ్రాముల పైన కొంచెం, అంతే. బాణాన్ని వేలి మీద నిలబెట్టి చూస్తే అంతకుముందు సరిగ్గా మధ్య నుంచి మూడు అంగుళాలు ముందు ఆగేది, ఇప్పుడు నాలుగు దాటింది, అబ్బ భలే అనుకున్నా. తీరా వేస్తే 20 మీటర్లకి నాలుగు వేళ్లు కిందకి పడింది, అది నేను అనుకున్నదే, బరువు పెరిగితే స్పీడు తగ్గుద్ది కదా. కానీ ప్రతి బాణమూ తోక ఊపుకుంటా కుడి పక్కకి పోయింది, వారం రోజులు నా చెయ్యే తప్పనుకుని రిలీజ్, అంటే నారి వదిలే తీరు, మార్చుకుంటా కూర్చున్నా.

తప్పు చేతిది కాదు, కాడది. చీపురు పుల్ల ఒకటి తీసుకుని కొసని గోడకి ఆనించి వెనక నుంచి నొక్కండి, మధ్యలో వంగుద్దా లేదా? నారి వదలగానే బాణానికీ అదే జరుగుద్ది, వెనక నుంచి నారి తోస్తుంటే ముందున్న ములికి అంత తేలిగ్గా కదలదు, ఎంత బరువుంటే అంత మొరాయిస్తది, నడుమ కాడ ఎక్కువ వంగుతుంది. ఆ కాడ బిగువునే స్పైన్ అంటారు, అది ఎన్ని పౌండ్ల బలమున్న విల్లుకి సరిపోద్దో ఆ పౌండ్లలో చెప్తారు, కాడ బరువు కాదు. చాలామంది వాడే లెక్క ఏంటంటే 125 పైన ప్రతి 25 గ్రెయిన్లకీ ఐదు పౌండ్ల స్పైన్ ఎక్కువ ఉండాలి, నేను 65 పెంచా కాబట్టి 50 పౌండ్ల కాడ తీసేసి 63 దగ్గరది పెట్టాల్సింది.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చండి. గోడకి రెండు మేకులు ఒకదానికొకటి 66 సెంటీమీటర్ల దూరంలో కొట్టి వాటి మీద కాడ ఆనించండి, సరిగ్గా మధ్యలో నీళ్ల బాటిల్ కట్టి వేలాడదీయండి, తాడుతో సహా 907 గ్రాములు తూగాలి. కాడ 13 మిల్లీమీటర్లు కుంగితే 50 పౌండ్లది, పదిన్నరే కుంగితే 63ది. ఒకే కట్టలో కొన్న డజను కాడలు డజను రకాలుగా కుంగుతాయి, చూస్తే మీరే నమ్మరు.

బరువు ఎలా పెంచాలి అంటే, కార్బన్ గొట్టం అయితే లోపల ఇత్తడి ముక్క పెట్టొచ్చు, కర్రకి ఆ వీలు లేదు. కొంతమంది కాడ కొసకి బెజ్జం వేసి స్క్రూ దింపుతారు, నాకు అది నచ్చదు, కర్ర బాణం ఎక్కువ విరిగేదే ములికి వెనక అంగుళం దగ్గర, అక్కడే బెజ్జం పెడితే చీలుద్ది, చీలిన కాడ వేస్తే చేతిలోకి దిగే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా సులువు, బరువున్న ములికే కొని హాట్ గ్లూతో, అంటే వేడి చేసి కరిగించే జిగురుతో, అతికించడం. ఓపికుంటే ముందు భాగంలో నల్లతుమ్మ లాంటి గట్టి కర్ర కోసి కాడకి అతకండి, బరువూ వస్తుంది, విరిగే చోట బలమూ వస్తుంది. హాట్ గ్లూతో ఒక జాగ్రత్త, మే నెలలో బాణాలు కారు డిక్కీలో వదిలేస్తే సాయంత్రానికి ములికి చేతిలోకి ఊడొచ్చింది నాకు.

సరే, మేకులు కొట్టిన చెక్కా బాటిలూ తెచ్చా, అదిగో ఆ వేపచెట్టు కింద పెట్టా, ఎవరి బాణాలు వాళ్లు పట్టుకురండి, ఒక్కోటీ వేలాడదీసి చూద్దాం.