తాడు లేని కళ్ళం

నమస్కారమండి. మొన్న మా బావ ఫోన్లో సర్కస్ వీడియో చూపించి, "చూడరా, గుర్రాల్ని కొరడాతో ఎలా బాదుతున్నాడో" అన్నాడు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. కొరడా ఒక్కదానికీ తగల్లేదు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చే ఈ వీడియో.

మీద మనిషి లేకుండా, పగ్గం ఎవరూ పట్టుకోకుండా ఆడే వీటిని లిబర్టీ హార్సెస్ అంటారు. పేరుకే లిబర్టీ లెండి.

ట్రాక్టర్లు రాకముందు మన కళ్ళాల్లో నూర్పిడి ఎలా ఉండేది? నడుమ రాట, దాని చుట్టూ బంతి కట్టిన, అంటే పలుపుతాడుతో ఒకే వరుసలో కట్టిన ఎద్దులు. సర్కస్ రింగూ అదే కళ్ళం. రాట ఉండాల్సిన చోట మనిషి ఉంటాడు. పలుపు పని ఆ మనిషి నిలబడే చోటు, చూపు, కొరడా కొస చేస్తాయి.

(నేల మీద సుద్దతో గుండ్రం, అందులో ఆరు చింతపిక్కలు)

ఇదిగో, ఈ పిక్క గుర్రం. దాని భుజానికి కూసింత వెనగ్గా జరిగి కర్ర చూపిస్తే ముందుకు కదుల్తుంది. ముక్కుకి ఎదురుగా వచ్చానా, ఆగిపోతుంది. ఎద్దుల్ని తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తోక వైపు నుంచి అదిలిస్తారు, కొమ్ముల ముందుకెళ్ళి ఆపుతారు. రింగు నడుమ మనిషి చేతిలో రెండు కొరడాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఏటంటే, చేతులు పొడుగు చేసుకున్నాడన్నమాట. కొట్టి నేర్పినవాళ్ళు లేరని నేననను, ఉన్నారు. గుర్రం చెవులు వెనక్కి అంటుకుపోయి, తోక లోపలికి నొక్కుకుని ఉంటే అనుమానించండి. బావా, నువ్వు కొరడా చూశావు, చెవులు చూడలేదు!

ఇక రింగు కొలత, ఈ అంచు నుంచి ఆ అంచుకి 42 అడుగులు. 1768లో లండన్లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుండ్రంగా పరిగెత్తే గుర్రం మీద నిలబడి విన్యాసాలు చూపించేవాడు. తిన్నగా పోయేదాని మీద కంటే గుండ్రంగా తిరిగేదాని మీద నిలదొక్కుకోవడం తేలిక. తర్వాత్తర్వాత కొలత 42 దగ్గర కుదురుకుంది. దాంతో ఏ ఊరి డేరాలోకెళ్ళినా గుర్రానికి అదే కళ్ళం, అవే అడుగులు. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తి గారు విజయనగరంలో సర్కస్ పెట్టారని, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం. రింగు ఎందుకు గుండ్రమో మాత్రం ఒక్కరూ అడగరు.

శిక్షణ ఒక్కోదానికీ విడిగానే. ముందు పొడుగు తాడు మీద నడవడం, ఆగడం, తిరగడం. పేరు పిలిస్తే చెవి ఇటు తిరగాలి. దగ్గరికొస్తే జేబులోంచి కేరట్ ముక్క. అది కుదిరాకే తాడు తీస్తారు. ఆ తర్వాత కొత్తదాన్ని ఆరితేరినదాని పక్కన నిలబెడతారు, బంతిలో కోడెని ముసలెద్దు పక్కన కట్టినట్టే.

అన్నిట్లోకీ నాకిష్టమైంది వరుస తిప్పడం. ఆరూ భుజం భుజం కలిపి చక్రం ఆకులా తిరగాలి. (పిక్కలు ఒక గీతలో పేరుస్తూ) రాట పక్క ఎద్దు అడుగులో అడుగేస్తుంది, చివరి ఎద్దుకి మాత్రం పరుగే. లోపలి గుర్రం కాస్త ఆత్రపడిందా, గీత వంకరైపోద్ది. ఓపిక నేర్పాల్సింది లోపలిదానికే.

అయ్యో, ఛార్జింగ్ 4 శాతం. గబగబా చెప్పేస్తాను. వెనక కాళ్ళ మీద లేవడం నడుం బలమున్నవాటికే. మోకాలు వంచి దండం పెట్టడం ఆఖర్న. పాటకి డాన్స్ చేస్తాయనుకుంటారు గానీ, గుర్రాల అడుగు చూసి బ్యాండువాళ్ళే తాళం మారుస్తారు. బావా, ఈసారి ఆ వీడియోలో వాయించేవాళ్ళ కళ్ళు ఎటున్నాయో చూడు.