బావ–బామ్మర్ది ముచ్చట్లు, 41వ ఎపిసోడ్: తెల్ల మారుతికి నీలం రంగు

బామ్మర్ది: అందరికీ నమస్తే. హన్మకొండలో బావ షాపు నుంచే మాట్లాడుతున్నాం. షట్టరు సగం దించాం. వెనక వినిపించే చప్పుడు ఫ్లెక్స్ మిషనుది. ఇంకో పది నిమిషాల్లో ఆగుతుంది.

బావ: పది కాదు, ఇరవై. పన్నెండు బై ఎనిమిది సైజు అది.

బామ్మర్ది: సరే, ఇరవై. పోయినసారి చెప్పినట్టే ఈ రోజు విషయం ఏందంటే, బండికి రంగు మార్చినా, అలాయ్ వీల్స్ వేయించినా, ముందే ఫోటోలో ఎట్ల చూసుకోవాలి, దానికి సాఫ్ట్‌వేర్ ఎట్ల నేర్చుకోవాలి అని. నేను మూడు వారాలుగా నేర్చుకుంటున్నా. బావకు 2006 నుంచి ఫొటోషాపే అన్నం పెడుతోంది.

బావ: పెళ్లి ఆల్బములు, ఫ్లెక్సులు. కార్లు చేయలేదు ఎప్పుడూ. కానీ కటింగ్ కటింగే. మేడారం జాతర వస్తోందంటే ఒక్కో ఫ్లెక్సులో ముప్పై తలలు కట్ చేయాలి. తలకాయ అయినా బంపరైనా, అంచు వెంట గీత గీసి కత్తిరించే పెన్ టూల్ అదే.

బామ్మర్ది: ముందు సాఫ్ట్‌వేర్ల సంగతి చెప్పేద్దాం, చాలామంది అడిగారు. ఫొటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టాలి. జింప్ ఉచితం. అది 1996 నుంచి ఉంది, 2025లో మూడో వెర్షన్ వచ్చింది. నేను నేర్చుకున్నది ఫోటోపీలో. అది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు కూడా అందులో తెరుచుకుంటాయి, అందుకే బావ ఫైళ్లు నా దగ్గర, నా ఫైళ్లు బావ దగ్గర నడుస్తున్నాయి.

బావ: ఏదైనా ఒకటి పట్టుకోండి. మూడింట్లోనూ లేయర్లు, మాస్కులే అసలు సరుకు. లేయరంటే ఫోటో మీద పరిచే పారదర్శకమైన పొర, మాస్కంటే ఆ పొరలో కొంత భాగాన్ని చెరపకుండానే దాచేది. ఫొటోషాప్‌లో కూడా లేయర్లు మొదటి నుంచి లేవు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఒకసారి అతికిస్తే అతికినట్టే. ఇప్పుడు రంగు ఒక లేయరు, వీల్సు ఒక లేయరు, నీడ ఒక లేయరు. నచ్చకపోతే కన్ను గుర్తు మూసేస్తే పోతుంది. నీడ మాత్రం...

బామ్మర్ది: నీడ సంగతి తర్వాత బావా.

బావ: తర్వాత అనే అందరూ మరిచిపోయేది.

బామ్మర్ది: ఫోటో ఎట్ల తీయాలో చెప్పు ముందు.

బావ: బండికి దూరంగా నిలబడాలి. దగ్గరికి పోయి తీస్తే ముందు చక్రం పెద్దగా, వెనక చక్రం చిన్నగా పడుతుంది. ఏడెనిమిది అంగలు వెనక్కి పోయి, ఫోన్‌లో రెండింతల జూమ్ పెట్టి, హెడ్‌లైటు ఎత్తులో ఫోన్ పట్టుకో. పక్క నుంచి ఒకటి, మూల నుంచి ఒకటి. మిట్ట మధ్యాహ్నం వద్దు. వీడికి చెబితే పొద్దున ఆరింటికి భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకుపోయి తీశాడు. ఫోటో మంచిగ వచ్చింది, ఆ మాట చెప్పాలి.

బామ్మర్ది: ఆ ఫోటోతోనే కొలతలు కూడా వచ్చాయి. ఇది నాకు బాగా నచ్చిన పని, చెబుతా. మా బండి మారుతి 800. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం కంపెనీ లెక్కలో 2175 మిల్లీమీటర్లు. పక్క నుంచి తీసిన ఫోటోలో ఆ దూరం కొలిస్తే 1450 పిక్సెళ్లు వచ్చింది. అంటే ఒక పిక్సెల్ ఒకటిన్నర మిల్లీమీటరు. ఇంక ఊహతో పని లేదు. బండి 30 మిల్లీమీటర్లు కిందికి దింపితే ఎట్లుంటుందో చూడాలంటే, చక్రాలను అక్కడే ఉంచి బాడీ లేయరును 20 పిక్సెళ్లు కిందికి జరపాలి. అంతే.

బావ: జరిపినప్పుడు బండి కింద నీడ...

బామ్మర్ది: దగ్గరవుతుంది, ముదురుతుంది, అవును. టైరు కూడా అంతే. మా బండికి 145/70 ఆర్12, అంటే టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు. మొత్తం ఎత్తు 508 మిల్లీమీటర్లు. 155/65 ఆర్13 వేస్తే 532. ఫోటోలో 16 పిక్సెళ్లే తేడా, కానీ చక్రం పైన మడ్‌గార్డులో ఖాళీ ఎంత తగ్గుతుందో కంటికి కనిపిస్తుంది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి దాదాపు 63లో పోతుంటుంది. అలాయ్ షాపులో వాళ్లు కేటలాగ్ బొమ్మ చూపించి ‘పడుతుంది అన్నా’ అంటారు. ఈ లెక్క చేతిలో ఉంటే మనం అడగాల్సింది అడగొచ్చు.

బావ: ఇక రంగు చూపించు. అసలు దానికోసమే కదా కూర్చున్నాం.

బామ్మర్ది: చూపిస్తున్నా. ఇదిగో. ముదురు నీలం.

(కాసేపు నిశ్శబ్దం. మిషను చప్పుడు.)

బావ: ఇది ప్లాస్టిక్ బొమ్మ లెక్క ఉంది.

బామ్మర్ది: నీలం లేయరును కింది ఫోటోతో కలిపే మల్టిప్లై మోడ్ పెట్టాను బావా, నువ్వు చెప్పినట్టే.

బావ: అది సరిగ్గానే పెట్టావు. తెల్ల బండికి హ్యూ, అంటే ఉన్న రంగును ఇంకో రంగుకు మార్చే స్లైడరు, జరిపితే రంగు ఎక్కదు, ఎందుకంటే తెలుపులో జరపడానికి రంగే లేదు. మల్టిప్లై పెడితే తెలుపు ఉన్నచోట నీలం వస్తుంది, బూడిద ఉన్నచోట ముదురు నీలం వస్తుంది. అంతవరకు బాగుంది. తప్పు ఎక్కడుందో చెబుతా. తెల్ల పెయింటులో చెట్టు, ఆకాశం, కట్ట ఏవీ సరిగ్గా కనపడవు. ప్రతిబింబం పడుతుంది కానీ తెలుపు దాన్ని మింగేస్తుంది. అదే ముదురు బండి అనుకో, అద్దం లెక్క. నువ్వు తెల్ల బండికి నీలం పూశావు, నీలం బండిలో కనపడాల్సిన ఆకాశం ఎక్కడుంది?

బామ్మర్ది: మరి ఎట్ల చేయాలి?

బావ: రేపు అదే చోటికి, అదే టైముకు, ముదురు రంగు కారు ఏదైనా తీసుకుపో. మన వీధి చివర నల్ల ఐ20 ఉంది, అడిగితే ఇస్తారు. ఒక ఫోటో తీసుకో, చూడు. బానెట్ మీద, టాపు మీద ఆకాశం తెల్లగా పడుతుంది. డోర్లలో సగం దాకా అవతలి ఒడ్డు చెట్లు, కింద సగం మట్టి రంగు. ఆ రెండూ కలిసేచోట బండి నడుము మీద ఒక గీత వస్తుంది. ఆ గీతను బట్టే కన్ను ఇది ఇనుమా, ప్లాస్టిక్కా అని నిర్ణయించేది. ఆ నల్ల బండి మీది ప్రతిబింబాన్ని నీ ఫైలులో వేరే లేయరు మీద, వెలుతురు భాగాలే కనపడే స్క్రీన్ మోడ్‌లో పెట్టి, మాస్క్‌తో డోరు ఒంపుకు తగ్గట్టు చెరుపుకుంటూ రా. ఒపాసిటీ, అంటే పొర చిక్కదనం, ముప్పై శాతం చాలు. తర్వాత నీడ.

బామ్మర్ది: రాసుకున్నా.

బావ: ఆగు. వెనక అద్దం మీద స్టిక్కరు ఏది?

బామ్మర్ది: ఏ స్టిక్కరు?

బావ: కొమురెల్లి మల్లన్న స్టిక్కరు. మామ అంటించింది. అది లేదు. ఎడమ డోరు మీద సొట్ట కూడా లేదు. క్లోన్ స్టాంప్ వాడావా?

బామ్మర్ది: హీలింగ్ బ్రష్. బొమ్మ నీట్‌గా ఉంటుందని. స్టిక్కరు ఎండకు తెల్లబడిపోయింది బావా, మల్లన్న మీసం తప్ప ఏమీ కనపడదు.

బావ: కనపడకపోనీ. నువ్వు చూడాలనుకున్నది రంగు. రంగుతో పాటు సొట్ట తీసేశావు, స్టిక్కరు తీసేశావు, తుప్పు తీసేశావు, బంపరు తళతళలాడించావు. ఇప్పుడు ఈ బొమ్మ చూసి ‘నీలం బాగుంది’ అంటే, బాగున్నది నీలమా, కొత్తదనమా? షాపుకు వచ్చే పెళ్లివాళ్లకు కూడా నేను ఇదే చెబుతా. ముఖం మీద మచ్చ తీయమంటే తీస్తా. అది ఆల్బం, చూసుకుని మురిసిపోవడానికి. ఇది అట్ల కాదు, ఇది చూసి నువ్వు డబ్బులు పెడతావు. మార్చేది ఒక్కటే మార్చు, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంచు.

బామ్మర్ది: డెంటింగ్ పని చేయించాకే కదా పెయింటు వేసేది? సొట్ట ఎట్లాగూ పోతుంది.

బావ: అయితే రెండు బొమ్మలు చెయ్. సొట్ట తీసిన తెల్ల బండి ఒకటి, సొట్ట తీసిన నీలం బండి ఒకటి. పక్కపక్కన పెట్టి చూడు. నీలంలో ఏముందో అప్పుడు తెలుస్తుంది. నన్నడిగితే తెలుపే ఉంచు అంటా.

బామ్మర్ది: నువ్వు మొదటి నుంచీ అదే అంటున్నావు.

బావ: అంటా. ఏపీ 36 నంబరు, తెల్ల మారుతి. పెళ్లిచూపులకు మీ ఇంటికి వచ్చినప్పుడు గేటు ముందు అదే ఉంది. సుబేదారి నుంచి కాజీపేట దాకా మామను ఆ బండితోనే గుర్తుపడతారు. రాష్ట్రం మారి టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, ఆ ప్లేటు మాత్రం అట్లనే ఉంది. ఇంకా ఎందుకు మార్చాలి దాన్ని? పైగా రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి, ఆర్టీవో దగ్గరికి తిరగాలి.

బామ్మర్ది: ఆర్సీలో రంగు రాసి ఉంటుంది కాబట్టి మార్పించాలి, అది నాకు తెలుసు. తిరుగుతా. అద్దాలకు నల్ల ఫిల్ము వేయను, 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్నది. కాబట్టి బొమ్మలో కూడా అద్దాలు నల్లగా చేయలేదు. చేస్తే ఇంకా అందంగా ఉండేది, కానీ చేయించలేనిది బొమ్మలో పెట్టి ఏం లాభం?

బావ: అది మంచి పని. నేను అడిగింది అది కాదు. ఎందుకు నీలం?

బామ్మర్ది: బాపు నీలం అడిగాడు బావా.

బావ: ఎప్పుడు?

బామ్మర్ది: 1998లో, కొన్నప్పుడు. బుక్ చేసింది నీలం బండి. తీరా తెచ్చుకోవడానికి పోతే తెల్లదే ఉంది, నీలం కావాలంటే ఇంకా ఆగాలి అన్నారట షోరూంలో. అప్పటికే అక్క పుట్టినరోజుకు బండి తెస్తా అని మాటిచ్చాడు. తెల్లదే తీసుకుని వచ్చాడు. అమ్మ చెప్పింది నాకు, ఈ మధ్యనే. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయాక రెన్యువల్‌కు పోయినప్పుడు కూడా ‘రంగు మారుద్దామా’ అన్నాడట. అప్పుడు నా ఫీజు కట్టాల్సి వచ్చింది.

బావ: మీ అక్క ఎప్పుడూ చెప్పలేదు నాకు.

బామ్మర్ది: అక్కకు తెలియదు. తెలిస్తే తట్టుకుంటుందా?

బావ: ...

బామ్మర్ది: ఎపిసోడ్ వస్తే వింటుందిలే. వినాలి కూడా.

బావ: ఏ నీలం? అప్పటి మారుతి నీలం ఏదో తెలుసా మామకు?

బామ్మర్ది: ‘రాత్రి పడకముందు ఆకాశం ఉంటుంది చూడు, ఆ నీలం’ అంటాడు. ఆయన ఆకాశం, నా స్క్రీన్ ఒకటేనా అని నా టెన్షన్. నా ఫోన్‌లో ఒక నీలం, నీ మానిటరులో ఒకటి.

బావ: స్క్రీన్‌ను నమ్మొద్దు. ఫ్లెక్సులో కూడా మానిటరు మీద చూసిన ఎరుపు ప్రింటులో వేరేగా వస్తుంది, రోజూ చూసేదే. పెయింటు షాపులో షేడ్ కార్డు ఉంటుంది. నాలుగు నీలాలు ఎంచుకో, కార్డును ఎండలో ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు. ఆ నాలుగింటికి దగ్గరగా ఉండే రంగులు ఫైలులో నాలుగు లేయర్లుగా పెట్టు. మామ ముందు ఒక్కోటి మార్చి చూపించు. ఆఖరి మాట మాత్రం కార్డు చూసే చెప్పాలి.

బామ్మర్ది: ఇది బాపుకు చెప్పకుండా చేద్దామనుకున్నా.

బావ: వద్దు. ఆయన బండి. ఆయన కూర్చుని ఎంచుకోవాలి. మోకాళ్ల నొప్పులతో బండి తీయక రెండేళ్లయింది కదా. ఈ మానిటరు ముందు ఒక గంట కూర్చోబెడదాం. ఆయన ‘కొంచెం ముదురు, ఇంకొంచెం’ అంటుంటే నువ్వు స్లైడరు జరుపు. నువ్వు మూడు వారాలు నేర్చుకున్నదానికి అంతకంటే ఏం కావాలి?

బామ్మర్ది: అయితే తెలుపు ఉంచాలన్న మాట?

బావ: వెనక్కి తీసుకున్నా. స్టిక్కరు మాత్రం ఉండాలి.

బామ్మర్ది: పెయింటు వేసేటప్పుడు అద్దాలు తీస్తారు బావా. స్టిక్కరు అద్దం మీదే ఉంటుంది, చిరగదు.

బావ: అయితే ఇప్పుడే పెట్టు ఫైలులో. అసలు ఫోటో లేయరు కిందనే ఉందా, దాని మీదే రుద్దేశావా?

బామ్మర్ది: కాపీ మీద చేశా. అసలుది కింద భద్రంగా ఉంది.

బావ: మంచిది. ఆ కాపీ లేయరుకు మాస్క్ తగిలించి, స్టిక్కరున్న చోట నల్ల బ్రష్‌తో రుద్దు. కిందిది పైకి కనపడుతుంది. బ్రష్ అంచు మెత్తగా పెట్టు. ఆ... వచ్చింది. మీసం వచ్చింది చూడు.

బామ్మర్ది: వచ్చింది.

బావ: డోరు దగ్గర కూడా అట్లనే. సొట్ట ఉన్న బొమ్మ ఒకటి దాచిపెట్టు. ఇప్పుడు కొత్త లేయరు తీసుకో, నీలం లేయరు కింద, నేల మీద. ముందు టైరు నేలను తాకేచోట సన్నగా, పూర్తి నలుపు. అక్కడ నుంచి లోపలికి పోనుపోను పలచన చెయ్. పొద్దున ఆరింటికి తీశావు కాబట్టి నీడ పడమటికి సాగాలి. చెరువు ఎటుంది ఈ ఫోటోలో?

బామ్మర్ది: వెనక.

బావ: వెనక అంటే ఎటు?

(బయట షట్టరు మీద కొట్టిన చప్పుడు.)

బావ: ఎవరు? ఆ, ప్రింటు అయిపోవచ్చింది అన్నా, ఐలెట్లు కొట్టి ఇస్తా, రెండు నిమిషాలు. ఏయ్, ఆ ఫైలు సేవ్ చెయ్ ముందు.

బామ్మర్ది: చేశా. పేరేం పెట్టాలి?

బావ: బాపు నీలం అని పెట్టు. ఆ కత్తెర ఇటు ఇయ్యి.