అద్దాల కింద చల్లని తోట

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో అలిపిరి దగ్గర కారు ఎండలో నిలిపి కొండకు వెళ్లొచ్చారా? తలుపు తీయగానే సెగ ముఖాన కొడుతుంది, స్టీరింగు మీద చెయ్యి ఆనదు. అద్దం పని అదే. ఎండను లోపలికి రానిస్తుంది, కాగిన గాలిని బయటికి పోనివ్వదు.

చలిదేశాల వాళ్లకు ఆ గుణమే వరమైంది. లండన్‌లో క్యూ అనే చోటి తోటలో 1848లో పూర్తయిన పామ్ హౌస్ అనే అద్దాల ఇల్లు చూడండి. ఓడలు కట్టే పద్ధతిలో ఇనుప కమ్మీలను వంచి, వాటి మీద అద్దాలు పరిచారు. కింద బొగ్గు పొయ్యిలు. పొగను నేల కింది సొరంగంలోంచి దూరంగా ఒక గోపురం దాకా తీసుకెళ్లి వదిలారు. తాటి జాతి చెట్లు ఆ చలిలో అలా బతికాయి.

మరి ఉడికిపోయే ఊళ్లో అద్దాల ఇల్లెందుకు? సింగపూర్‌లో 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే అనే తోటలో దీనికి జవాబుంది. అక్కడి ఫ్లవర్ డోమ్ అనే అద్దాల ఇల్లు 38 మీటర్ల ఎత్తు. లోపల ఒక్క స్తంభం లేదు, ఉక్కు జాలీ, దాని పైని ఉక్కు కమానులు కలిసి దాన్ని నిలబెడతాయి. వెలుతురును రానిచ్చి వేడిని చాలావరకు ఆపే పూత పూసిన జంట అద్దాలు. ఎండ ముదిరితే పైన గుడ్డ తెరలు వాటంతటవే పరుచుకుంటాయి. నాకు బాగా నచ్చింది మాత్రం నేల. దాని కింద గొట్టాల్లో చల్లని నీళ్లు పారుతుంటాయి. మొత్తం గదిని చల్లబరచరు. మొక్కలూ మనుషులూ ఉండే ఎత్తు వరకే చల్లదనం, పైకి లేచిన వేడిగాలి బయటికి పోతుంది. ఇంతటికీ కావలసిన శక్తిలో కొంత ఊరి చెట్ల కొమ్మలు నరికిన చెత్తను కాల్చి తీస్తారు. క్యూలో పొయ్యి వేడినిచ్చింది, ఇక్కడ పొయ్యి చల్లదనాన్నిస్తోంది!

పలమనేరు వైపు ఒక పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ పట్టా కప్పిన పంట షెడ్డులో, క్యాప్సికం రైతును అడిగాను, పైకప్పు దగ్గర ఆ సందెందుకని. పక్క పరదా చుట్టి పైకి కడుతూ, "పైన దోవ ఇడిస్తేనే సార్, లేకుంటే చెట్టు ఉడికిపోతాది" అన్నాడు. సింగపూర్ ఇంజనీర్లు నమ్ముకున్నదీ ఆ సూత్రాన్నే.

మన తిరుపతిలో అద్దాల తోట కడితే ఎర్రచందనాన్ని అందులో పెట్టనక్కర్లేదు. శేషాచలం రాళ్ల మధ్య, ఆ ఎండలోనే అది పెరుగుతుంది. పొగమంచు కొండల్లో పూసే ఆర్కిడ్లను మన పిల్లలు చేతికందే దూరంలో చూడాలన్నదే నా కోరిక. అలాంటి తోట వచ్చిన రోజు లోపలికి అడుగుపెట్టి ముందు తల పైకెత్తి చూస్తాను, వేడిగాలికి దోవ వదిలారా లేదా అని.