పది రోజుల సెలవులో ఏడు రోజుల సేవ

సభకు నమస్కారం. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతి దాకా వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. సెలవు పెట్టి ఊరికే తిరిగి రాకుండా, నలుగురికి పనికొచ్చే పని కూడా చేసి రావాలనుకునే వాళ్ళతో మాట్లాడమన్నారు. దగ్గర్లో దొరికే మంచి దారి శ్రీవారి సేవ, అంటే తిరుమల కొండమీద భక్తులకు జీతం లేకుండా చేసే సేవ, కాబట్టి దాని గురించే చెబుతాను.

అంతకంటే ముందు ఒక్క మాట. వారం రోజుల మనిషికి అన్ని పనులూ సరిపోవు. అనాథాశ్రమానికి పోయి వారం రోజులు పిల్లలతో ఆడిపాడి వస్తామంటారు. పిల్లలు దగ్గరవుతారు, ఎనిమిదో రోజు మనం మాయమవుతాం. తరువాతి వారం ఇంకో కొత్త మొహం వస్తుంది. ఆ పిల్లలకు అది మేలు కాదు. చదువు చెప్పడమూ అంతే, ఏడు రోజుల్లో పిల్లవాడి పేరు తెలిసేలోపే బస్సెక్కుతాం. మనిషి మారినా పని ఆగనిదీ, సాయంత్రానికల్లా నేర్చుకోగలిగేదీ అయితేనే వారం రోజుల వాళ్ళకు తగిన పని. వడ్డన, కూరగాయలు తరగడం, క్యూలో నీళ్ళు అందించడం, లగేజీ కౌంటరు దగ్గర చేయందించడం ఆ కోవలోవే. కొండమీద పనిని 2000 సంవత్సరం నుంచి ఆ పద్ధతిలోనే నడుపుతున్నారు. వెళ్ళేవాళ్ళు వెళ్తుంటారు, వచ్చేవాళ్ళు వస్తుంటారు, పంక్తి మాత్రం ఆగదు.

నమోదు ఆన్‌లైన్‌లో. బృందంగా వెళ్ళేవాళ్ళు ఒకరిని నాయకుడిగా పెట్టుకోవాలి. వయసు పరిమితి, రోజుల లెక్క మారుతుంటాయి, నమోదు చేసే రోజున తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) వెబ్‌సైట్‌లో ఉన్నదే నమ్మండి, పోయినేడు వెళ్ళొచ్చిన పిన్ని చెప్పింది కాదు. ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే: ఆధార్‌లో ఒక పేరు, నమోదులో ఇంకో పేరు. ఇంటిపేరు ముందో వెనకో, అక్షరం తప్పినా తనిఖీ దగ్గర ఆగిపోతారు. ఇక చివరి నిమిషంలో ఒకరు రాలేకపోతే ఇంకొకరిని ఆ పేరు మీద తీసుకుపోదామనుకోవద్దు. నలుగురు తగ్గినా సరే, వచ్చిన వాళ్ళతోనే వెళ్ళండి.

ఇక ఒంటి సంగతి. ఇది ఎవరూ చెప్పరు, మూడో రోజుకు అందరికీ తెలిసిపోతుంది. కొండమీద పనంటే గంటల తరబడి నిలబడటం, చాలాచోట్ల చెప్పుల్లేకుండా. మధ్యాహ్నం బండ కాలుతుంది, తడి గచ్చు మీద జారుతుంది. కాబట్టి వెళ్ళడానికి పది రోజుల ముందు నుంచి ఇంటి మేడమీద రోజూ ఇరవై నిమిషాలు ఉత్త కాళ్ళతో నడవండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, నెమ్మదిగా ఎండలోకి రండి. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి పిక్కలు బరువెక్కుతాయి, గంటకోసారి ముని వేళ్ళ మీద ఇరవైసార్లు లేచి దిగితే పిక్కలే పంపులా పనిచేసి దాన్ని పైకి తోస్తాయి. షుగరున్న వాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. రోజూ పడుకునే ముందు అరికాళ్ళు పక్కవాళ్ళకు చూపించుకోండి, సిగ్గుపడకండి. షుగరు ఒక్కసారిగా పడిపోతే తినడానికి జేబులో రెండు చాక్లెట్లు పెట్టుకోండి. మందుల్లో పదిరోజులకు సరిపడా కాకుండా పన్నెండు రోజులకు సరిపడా తీసుకోండి.

తిరుమల సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పని పడితే స్వెట్టరు తప్పదు. ప్లాస్టిక్ సీసాలు కొండమీద పనికిరావు, స్టీలు బాటిలు తెచ్చుకోండి. దుస్తుల నియమం ఉంది, ముందే చూసుకుని కుట్టించుకోండి. జత ఒక్కటే తెచ్చుకుంటే సాంబారు మరకతో రెండో రోజే ఇబ్బంది.

వడ్డన దగ్గర కాస్త నిలబడతాను, ఎక్కువమందికి పడే పని ఇదే. కొండమీద నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇప్పటి పెద్ద భవనానికి మన తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఆవిడ కూడా ఆ కొండమీదే అన్నం పెట్టిన మనిషి. పది లీటర్ల బకెట్‌ను నిండా నింపి తీసుకునే వాళ్ళు నడక మొదలుపెట్టగానే తొణుకుతుంది, నేల జారుతుంది, వెనక వచ్చేవాడు పడతాడు. మూడింట రెండు వంతులే నింపండి, మోయడమూ తేలిక. వరుస మారినప్పుడల్లా చేయి మార్చండి, లేదంటే మూడోరోజు నడుము పట్టేస్తుంది. గరిటె ఆకు దగ్గరికి దించి వంచాలి, పైనుంచి పోస్తే వేడి చుక్కలు పక్కన కూర్చున్న పిల్లల తొడల మీద పడతాయి. అన్నం వాళ్ళకు సాంబారు వాళ్ళు నాలుగైదు ఆకుల వెనకే ఉండాలి. తొందరపడి ముందుకొచ్చారంటే ఖాళీ ఆకులో సాంబారు పారుతుంది. పెద్దవాళ్ళు 'చాలు' అంటే చాలే, 'ఇంకొంచెం వేసుకో నాయనా' అన్న ఇంటి మర్యాద అక్కడ అన్నం వృథా చేస్తుంది.

దర్శనానికి జనం వేచి ఉండే గదుల్లో, అదే కంపార్టుమెంట్లలో పని పడితే, గంటలకొద్దీ కూర్చున్న జనం మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతారు: ఇంకెంతసేపు? ఉజ్జాయింపుగా చెప్పబోకండి. 'అరగంటే' అని మీరంటే, రెండు గంటలయ్యాక గొడవ మీతోనే. సిబ్బంది చెప్పిందే చెప్పండి. నీళ్ళు ఎక్కడున్నాయో, మరుగుదొడ్డి ఎటో ముందే చూసి పెట్టుకోండి. అరవవాళ్ళకు 'తణ్ణి ఇంగే', కన్నడం వాళ్ళకు 'నీరు ఇల్లి', హిందీవాళ్ళకు 'పానీ యహా' అంటే సగం పని అయిపోతుంది. తప్పిపోయిన పిల్ల కనబడితే ఎత్తుకుని వెతకడానికి పోవద్దు, తల్లి తిరిగి వచ్చేది ఆ చోటికే. ఒకరు పిల్ల దగ్గరే ఉండి, ఇంకొకరు దగ్గర్లోని సిబ్బందికి చెప్పాలి.

ఇక సెలవు సంగతి. సేవ రోజుల్లోనే ఊళ్ళు చూడాలని పెట్టుకుంటే రెండూ చెడతాయి. రాత్రి పని చేసి పగలు కాళహస్తికి పరుగెత్తిన వాళ్ళు మరుసటి పూట వడ్డనలో కునికిపాట్లు పడతారు. పదిరోజుల సెలవులో మొదటి రోజు తిరుపతిలో నిద్రకు ఇవ్వండి, ఏడు రోజులు పనికి, మిగిలిన రెండూ తిరగడానికి. అలిపిరి మెట్లు 3550. శ్రీవారి మెట్టు దారిలో 2388, దూరం తక్కువే గానీ ఎక్కుడు నిటారు. నడిచే ఎక్కాలనుంటే సేవకు ముందురోజు కాకుండా అయిపోయాకే పెట్టుకోండి. 2023లో నడకదారిలో చిరుత దాడులు జరిగాక పిల్లలకు వేళల ఆంక్షలు పెట్టారు, కుటుంబంతో వెళ్తే అవి కనుక్కుని బయల్దేరండి. రక్తదానం చేసే అలవాటున్న వాళ్ళు కూడా దాన్ని వారం చివర్లోనే పెట్టుకోవాలి, ముందురోజు ఇచ్చి ఎండలో నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

చంద్రగిరి కోట అరపూట పని. గుడిమల్లం లింగం చూడనివాళ్ళు తప్పకుండా చూడండి, మనదేశంలో ఉన్న అతి పాత శివలింగాల్లో అదొకటి, ఏర్పేడు దగ్గరే. చిత్తూరు వైపు వెళ్ళేవాళ్ళకు కాణిపాకం దారిలోనే. తలకోన జలపాతం వానలు పడ్డాకే బాగుంటుంది, ఎండాకాలంలో పోతే సన్నటి ధార మాత్రం కనబడుతుంది. పాచిపట్టిన రాళ్ళ మీద మాత్రం జాగ్రత్త, అలసిన కాళ్ళు ముందు జారేది అక్కడే.

తిరుగు ప్రయాణం టికెట్టును సేవ ముగిసే రోజు సాయంత్రానికి కొనకండి. ఆఖరు పూట పని, గది ఖాళీ చేయడం, దర్శనం, లడ్డూ వరుస, కిందికి బస్సు, అన్నీ ఒకే రోజులో పడతాయి. మరుసటి రోజు మధ్యాహ్నం రైలుకు పెట్టుకుంటే కాళ్ళు కడుక్కుని, కడుపునిండా తిని, నిద్రపోయి ఎక్కొచ్చు. ఇక ప్రశ్నలుంటే అడగండి.